దీపం ఇచ్చింది, గొర్రెల్ని ఇవ్వలేదు

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో మేముండే బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ఆఫీసుల తర్వాత చెప్పుకోదగ్గది క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం. అక్కడ నాకు బాగా నచ్చిన బొమ్మ 'రేడియేటర్ బిల్డింగ్ - నైట్, న్యూయార్క్'. 1927లో జార్జియా ఓకీఫ్ వేసింది. చీకట్లో నల్లటి మేడ, వరసగా వెలిగే కిటికీలు, కుడి పక్క మెలికలు తిరుగుతూ పైకి పోయే ఆవిరి. ఎడమ వైపు ఎర్రటి నియాన్ బోర్డు. దాని మీద 'ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్' అని ఉంటుంది. అసలు అక్కడుండేది ఒక సైన్స్ పత్రిక బోర్డట. ఆవిడ అది తీసేసి మొగుడి పేరు పెట్టింది. ఆ చిలిపితనం నాకు భలే ఇష్టం.

బొమ్మ పక్కన లేబుల్ మీద మాత్రం ఓనర్లు ఇద్దరు: టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ, మా ఊరి మ్యూజియం. "ఒక బొమ్మకి ఇద్దరేంటమ్మా, జాయింట్ పట్టానా?" అన్నారు మా నాన్న. ఆయన దేవాదాయ శాఖలో చేసి రిటైరయ్యారు. కథ మొత్తం చెప్పేదాకా వదల్లేదు.

స్టీగ్లిట్జ్ ఫొటోగ్రాఫర్. న్యూయార్క్‌లో '291' అనే చిన్న గ్యాలరీ నడిపాడు. 1911లో పికాసో డ్రాయింగులు ప్రదర్శనకి పెడితే కొన్నవాళ్ళు దాదాపు లేరు, ఒకటి తనే కొనుక్కున్నాడు. డవ్, మారిన్, హార్ట్‌లీ లాంటి సొంత దేశపు చిత్రకారుల్ని ఎవరూ పట్టించుకోని రోజుల్లో వాళ్ళని నిలబెట్టింది కూడా ఆయనే. అలా పోగైందే ఆ కలెక్షన్. 1946లో ఆయన పోయాక దాన్ని పంచే పని ఓకీఫ్ మీద పడింది. మూడేళ్ళు పట్టింది. న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్ మ్యూజియాలకి కొంత ఇచ్చి, 101 కళాఖండాలు మాత్రం 1949లో ఫిస్క్‌కి ఇచ్చింది. సెజాన్, రెన్వా, పికాసో లాంటి యూరప్ చిత్రకారుల బొమ్మలతో పాటు ఆఫ్రికా శిల్పాలు కూడా ఉన్నాయి అందులో. ఫిస్క్ నల్లజాతి పిల్లల కోసం 1866లో పెట్టిన కాలేజీ. ఇచ్చేనాటికి అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ళకి వేరు, నల్లవాళ్ళకి వేరు అన్న చట్టాలు నడుస్తున్నాయి. అలాంటి చోట ఒక కాలేజీ పాత జిమ్‌ని గ్యాలరీగా మార్చి సెజాన్‌ని పెట్టారంటే మామూలు విషయమా!

ఆవిడ షరతులు: అమ్మకూడదు, మార్చుకోకూడదు, అన్నీ ఒక్కచోటే ఉండాలి.

"మరి మెయింటెనెన్స్‌కి ఏమిచ్చింది?" నాన్న మొదటి ప్రశ్న ఇదే. ఏమీ ఇవ్వలేదన్నాను. "మన పాత శాసనాలు చూడు. గుళ్ళో అఖండ దీపం పెట్టించేవాడు దీపం ఒక్కటే ఇచ్చి ఊరుకోడు. నెయ్యి కోసం గొర్రెల్ని కూడా రాసిస్తాడు" అన్నారు.

ఫిస్క్‌కి సరిగ్గా ఆ నెయ్యి దగ్గరే ఇబ్బంది వచ్చింది. 2005లో రేడియేటర్ బిల్డింగూ, హార్ట్‌లీ బొమ్మ ఒకటీ అమ్ముకుంటామని కోర్టుకెళ్ళింది. శాంటా ఫేలోని ఓకీఫ్ మ్యూజియం అడ్డుపడింది. టెనెసీ అటార్నీ జనరల్ అడ్డుపడ్డాడు. ఇంతలో వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడి కూతురు ఆలిస్ వాల్టన్ తను పెట్టిన మా ఊరి క్రిస్టల్ బ్రిడ్జెస్ తరఫున మొత్తం కలెక్షన్‌లో సగం వాటా 3 కోట్ల డాలర్లకి అడిగింది. కేసు ఏళ్ళ తరబడి సాగి 2012లో తేలింది: సగం అమ్ముకోవచ్చు, బొమ్మలు రెండేళ్ళు అక్కడ, రెండేళ్ళు ఇక్కడ.

నాన్నకి ఈ తీర్పు మింగుడు పడలేదు. దాత మాట దాత మాటే అంటారు. గుడి మాన్యం అమ్మాలని ఎవరెవరు ఎన్నెన్ని సాకులతో వచ్చారో సర్వీసంతా చూసిన మనిషి మరి. నేను ఒప్పుకోలేదు. జీతాలివ్వడానికే తంటాలు పడే కాలేజీ గోడకి కోట్ల ఆస్తి వేలాడదీసుకుని మూతపడితే ఆ దానం ఎవరికి? కానీ ఒక్క విషయం నాకూ గుచ్చుకుంటుంది. నాలుగేళ్ళ డిగ్రీకి చేరిన పిల్లలకి ఆ బొమ్మలు రెండేళ్ళే దొరుకుతాయి. మిగతా రెండేళ్ళు చూడాలంటే ఇంకో రాష్ట్రానికి రావాలి. ఆవిడ ఏ పిల్లల కోసం ఇచ్చిందో వాళ్ళే సగం పోగొట్టుకున్నారు. మాకేమో వీకెండ్‌లో నడిచెళ్ళే దూరం, టికెట్ కూడా లేదు.

చూడాలనుకుంటే బొమ్మలు ప్రస్తుతం ఏ ఊళ్ళో ఉన్నాయో కనుక్కుని బయల్దేరండి. మా ఊరొస్తే మంగళవారం మాత్రం రాకండి, మ్యూజియానికి సెలవు.