ఏ జంట కుదరదు?

ఈరోజు పని తొందరగా అయిపోయింది. సాయంత్రమంతా తమ్ముడి రీజనింగ్ ప్రాక్టీస్ పేపర్‌తోనే గడిచింది. లెక్కలంటే వాడికి భయం లేదు. వాక్యంలో ‘కాదు’, ‘లేదు’, ‘తప్ప’ కనబడితే మాత్రం టెన్షన్.

వాడు ఆగిపోయిన వాక్యం: ‘పాస్‌వర్డ్ ఇస్తే తప్ప ఫైలు తెరుచుకోదు.’ నోట్‌బుక్‌లో ‘పాస్‌వర్డ్’ అని రాసి, ‘ఇదైతే అది’ అన్నట్టు బాణం గీసి, దాని పక్కన ‘ఫైలు తెరుచుకుంటుంది’ అని రాశాడు. “ఇంతేగా అక్కా?” అన్నాడు.

“బాణం సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు, ఈ వాక్యం ఏ జంట కుదరదంటోంది?” అన్నాను.

కాసేపు ఆలోచించి చెప్పాడు: ఫైలు తెరుచుకోవడం, పాస్‌వర్డ్ ఇవ్వకపోవడం. అవును, ఆ రెండూ కలిసి జరగవు. అంతకుమించి వాక్యం ఏ హామీ ఇవ్వలేదు. ఫైలు తెరుచుకుందంటే పాస్‌వర్డ్ ఇచ్చినట్టే. ఇవ్వలేదంటే తెరుచుకోనట్టే. పాస్‌వర్డ్ ఇచ్చాక కూడా ఫైలు పాడైపోయి తెరుచుకోకపోవచ్చు, దానికి ఈ వాక్యం అడ్డు రాదు. వాడే బాణం కొట్టేసి ‘తెరుచుకుంది’ వైపు నుంచి మళ్లీ గీశాడు.

ఒక్కో మాటకు ఒక్కో సూత్రం బట్టీ పట్టించడం నాకు అస్సలు నచ్చదు. పరీక్ష హాల్లో అవన్నీ కలగాపులగం అయిపోతాయి. కుదరని జంట దొరికితే చాలు, అందులో ఒకటి ఉంటే రెండోది లేనట్టే. ‘ఏ పక్షీ క్షీరదం కాదు’ అన్నా అంతే: పక్షి అయితే క్షీరదం కాదు, క్షీరదం అయితే పక్షి కాదు.

ఎక్కువసేపు పట్టింది కమిటీ ప్రశ్నలకే. ‘రవి, లత ఇద్దరూ కలిసి ఉండకూడదు’, ‘ఇద్దరిలో ఒక్కరైనా లేకుండా కుదరదు’. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదాంట్లో రవి ఉంటే లత ఉండదు, ఇద్దరూ లేకపోయినా ఫర్వాలేదు. రెండోదాంట్లో రవి లేకపోతే లత ఉండి తీరాలి, ఇద్దరూ ఉన్నా ఫర్వాలేదు. పక్కపక్కన రాయించి, ఉన్నవాళ్లకు టిక్కు, లేనివాళ్లకు ఇంటూ పెట్టించాను. నాలుగు వరసల్లో ఒక్కటే కొట్టేయాల్సి వస్తుంది. ఏ వరస అన్నదే తేడా.

‘ప్రతి పక్షీ ఎగరగలదని కాదు’ అన్న వాక్యానికి మాత్రం బాణమే ఉండదు. ఎగరలేని పక్షి కనీసం ఒకటుందని చెబుతుంది, అంతే. ఏ జంటనీ వద్దనదు.

చివర్లో కాగితం ముక్కలతో మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1966లో రాసిన కార్డుల పజిల్ పెట్టాను. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనిపించేవి ఒక అచ్చు, ఒక హల్లు, 4, 7. ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. ఈ రూలు నిజమో కాదో తేల్చడానికి ఏయే కార్డులు తిప్పాలి? చాలామంది అచ్చునూ 4నూ తిప్పుతారు. వీడు అచ్చు తిప్పి, 4 మీద వేలు పెట్టి ఆగాడు. “దీని వెనక ఏమున్నా రూలు చెడదుగా అక్కా” అని 7 తిప్పాడు. దాని వెనక అచ్చు ఉంటే రూలు చెడినట్టే.

‘అయితేనే’ వాక్యాలు ఇంకా మిగిలే ఉన్నాయి. రేపు చూడాలి.