నడుం పట్టేసినప్పుడు ఇంట్లో ఆరు వారాల మర్దన: నా అనుభవం

నడుంనొప్పి అనగానే మన ఊళ్ళలో రెండు సలహాలు తయారుగా ఉంటాయి. ఒకటి, పిల్లాణ్ణి వీపు మీదకెక్కించి తొక్కించుకోమనడం. రెండోది, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకోమనడం. బియ్యం బస్తా వంగి ఎత్తబోయి నడుం పట్టేసిన రోజున నాకూ ఆ రెండూ గంటలోపే అందాయి. రెంటినీ పక్కన పెట్టి, ఇంట్లోనే మా ఆవిడ చేత ఆరు వారాలు క్రమంగా మర్దన చేయించుకున్నాను. పద్ధతి మాత్రం ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర ఇద్దరం కూర్చుని నేర్చుకున్నాం. నూనె దగ్గర్నుంచి స్నానం దాకా ఆ క్రమం ఇది.

మర్దన కన్నా ముందు డాక్టరు చెయ్యి పడాలి. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఒక్కో కాలూ పైకెత్తి చూశారు. అలా ఎత్తినప్పుడు మోకాలి కిందకి జివ్వుమని లాగితే నరం నొక్కుకుపోయిందని అనుమానిస్తారు. నాకు లాగలేదు, అది కండరాల పట్టేనన్నారు. కాళ్ళలో తిమ్మిరి, పాదం ఎత్తలేకపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం ఉంటే మర్దన మాట మరిచి నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి. జ్వరంతో వచ్చిన నడుంనొప్పి, కింద పడ్డాక వచ్చినది, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకి కొత్తగా వచ్చినది, ఎముకలు గుల్లబారినవాళ్ళకి వచ్చినది కూడా ఇంట్లో చెయ్యి వెయ్యాల్సినవి కావు. మనలో చాలామంది పొరబడేది కిడ్నీ రాయి నొప్పి దగ్గర. అది డొక్కలో మొదలై గజ్జల్లోకి అలలు అలలుగా దిగుతుంది, ఎటు తిరిగి పడుకున్నా తగ్గదు. కండరం నొప్పి అలా కాదు. ఒక భంగిమలో ఎక్కువ, ఒక భంగిమలో తక్కువ ఉంటుంది.

మొదటి రెండు రోజులు గట్టి మర్దన లేదు. హాట్ వాటర్ బ్యాగుకి తువ్వాలు చుట్టి 15 నుంచి 20 నిమిషాలు కాపడం, రోజుకి మూడుసార్లు. మధ్యమధ్య ఇంట్లోనే అటూ ఇటూ నడక. పూర్తిగా మంచం పట్టేస్తే నడుం ఇంకా బిగుసుకుంటుంది. కాపడానికి ఉప్పు మూటైనా, వేయించిన ఇసుక మూటైనా, వావిలాకు మూటైనా పనిచేసేది వేడే. రెండు జాగ్రత్తలు: బామ్ రాసిన చోట వేడి పెట్టకూడదు, చర్మం కాలిపోతుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకి వేడి ఎంతుందో తెలియదు కాబట్టి, ఇంకొకరు చేత్తో చూశాకే పెట్టాలి.

మూడో రోజు మర్దన మొదలుపెట్టాం, మొదటి తప్పు అక్కడే చేశాం. పరుపు మంచం మీద పడుకున్నాను. ఆవిడ నొక్కినకొద్దీ పరుపు కుంగిందే తప్ప బరువు నా కండరం దాకా రాలేదు. పైగా నడుం లోపలికి వంగి నొప్పి పెరిగింది. నులక మంచం అయితే చెప్పనే అక్కర్లేదు. మర్నాటికి నేల మీదకి మారాం. చాప, దాని మీద రెండు మడతల బొంత, పాత దుప్పటి. బోర్లా పడుకుంటే పొట్ట కింద ఒక పలచని దిండు ఉండాలి, అప్పుడే నడుం వంపు సర్దుకుంటుంది. చీలమండల కింద తువ్వాలు చుట్టి పెట్టాలి. మెడ ఒకవైపే తిప్పి పడుకుంటే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది, అందుకే రెండు చేతులూ మడిచి నుదురు వాటిమీద ఆనించేవాణ్ణి. బోర్లా పడుకోలేనివాళ్ళు పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవచ్చు. గర్భిణులు పక్కకే పడుకోవాలి, అదీ డాక్టరుని అడిగాకే.

నూనె విషయంలో మనవాళ్ళకి ఉన్నంత నమ్మకం నాకు లేదు. మహానారాయణ తైలమైనా, మామూలు నువ్వుల నూనైనా, మర్దనలో దాని ముఖ్యమైన పని చెయ్యి జారనివ్వడం. వీపంతటికీ 20 నుంచి 25 మిల్లీలీటర్లు చాలు, అంటే పెద్ద చెంచాతో ఒకటిన్నర. గిన్నెడు నూనె పోస్తే చెయ్యి జారిపోయి కండరం పట్టుకి రాదు, మరీ తక్కువైతే చర్మం నలిగి మంటపుడుతుంది. నూనెని పొయ్యి మీద కాయకుండా, వేడినీళ్ళ గిన్నెలో నూనె గిన్నె పెట్టి వెచ్చబెట్టి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసి చూడాలి. ఘాటైన నొప్పి నూనెల్లో వింటర్‌గ్రీన్ నూనె, అంటే మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వేసుకునేవాళ్ళు వాటి జోలికి పోకూడదు, రక్తం మరీ పలచబడుతుంది. అసలు రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు గట్టి మర్దన చేయించుకోకపోవడమే మంచిది, కండరం లోపల రక్తం గూడు కట్టొచ్చు.

ఇక చేతి పని. చేసేవాళ్ళు పక్కన మోకాళ్ళ మీద, దుప్పటి మడత వేసుకుని కూర్చోవాలి. మోచేతులు నిటారుగా ఉంచి ఒంటి బరువుని ముందుకి వాల్చాలే గానీ భుజబలంతో తొయ్యకూడదు. మా ఆవిడ నాకన్నా ఇరవై కిలోలు తక్కువ. అయినా ఇలా వాలితే పట్టు సరిపోయింది, ఆవిడ చేతులూ నొప్పి పుట్టలేదు. మొదటి మూడు నాలుగు నిమిషాలు పొడవాటి రాపిడి. రెండు అరచేతులూ వెన్నెముకకి చెరోపక్క పెట్టి, నడుం నుంచి భుజాల దాకా అయిదు లెక్కపెట్టేంత నిదానంగా వెళ్ళి, పక్కలమీదుగా తేలిగ్గా వెనక్కి రావాలి. వెన్నెముక మీద మాత్రం ఎప్పుడూ బరువు పడకూడదు. మధ్య గీతకి రెండువేళ్ళ దూరం, అటూ ఇటూ. ఆ ఎముకల మొనల మీద నొక్కితే వచ్చేది నొప్పే. తొక్కించుకునే పద్ధతిలో ప్రమాదమంతా అక్కడే ఉంది. మడమ ఎక్కడ దిగుతుందో తొక్కేవాడికి తెలియదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకైతే వెన్నుపూస నలిగిపోవచ్చు.

తర్వాత ఎనిమిది, పది నిమిషాలు అసలు పని. వెన్నెముక పక్కన పైనుంచి కిందికి తాడులా తగిలే కండరం ఉంటుంది. దాని మీద అరచేతి మణికట్టు వైపు భాగం పెట్టి, వెన్నెముక నుంచి బయటికి తొయ్యాలి. తోపు మూడు, నాలుగు సెంటీమీటర్లు దాటకూడదు. తోసి, వదిలి, నాలుగు వేళ్ళంత పైకి జరిగి మళ్ళీ. నడుం నుంచి రెక్క ఎముక దాకా ఆరేడు మజిలీలు, ఒక్కో వైపు మూడు సార్లు. ఎడమవైపు కూర్చుని కుడి కండరాన్ని, కుడివైపు కూర్చుని ఎడమ కండరాన్ని తోస్తే బరువు సరిగ్గా పడుతుంది. డొక్కలో, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక అంచుకీ మధ్య కూడా ఒక కండరం ఉంటుంది. వంగి లేచేటప్పుడు పట్టేసేది చాలాసార్లు ఇదే. దీన్ని పక్కకి తిరిగి, పై చెయ్యి తలమీదుగా చాచి పడుకున్నప్పుడు, బొటనవేలితో పొట్టవైపు కాక వెన్నెముక వైపు నెమ్మదిగా అరనిమిషం నొక్కి పట్టాలి. దీనికి పైనే పక్కటెముకల చాటున కిడ్నీ ఉంది కాబట్టి, ఇక్కడ పిడికిలి గుద్దులు పనికిరావు.

రెండో వారం దాకా మాకు తెలియని సంగతి పిరుదుల గురించి. నొప్పి నడుంలో ఉంటే పట్టు చాలాసార్లు కింద ఉంటుంది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే చూపుడువేళ్ళకి ఆనే ఎముక అంచు ఉంది కదా, దాని కింద, కాస్త బయటివైపు, నర్సులు ఇంజెక్షన్ వేసే చోటు. అక్కడ మోచేతి మొన కాకుండా, మోచేతికి కాస్త ముందున్న ముంజేతి భాగం ఆనించి బరువు వాల్చితే, నడుం దాకా పాకే ఒక పాత నొప్పి దొరుకుతుంది. అలాంటి చోటు దొరికినప్పుడు రుద్దకుండా, కదపకుండా 60 నుంచి 90 సెకన్లు నొక్కి ఉంచాలి. నొప్పి ఉన్నట్టుండి పలచబడుతుంది. పలచబడకపోతే మరీ గట్టిగా నొక్కుతున్నట్టే. ఇంజెక్షన్ చోటుకి లోపలగా, పిరుదు నడిమధ్యలో, కాల్లోకి దిగే పెద్ద నరం, సయాటిక్ నరం వెళ్తుంది. నొక్కినప్పుడు కాలి కిందకి జలదరింపు పాకితే వెంటనే చెయ్యి తీసి, పైకీ బయటికీ జరపాలి. నా మటుకు నాకు నడుం మీద పది నిమిషాల కంటే ఇక్కడి మూడు నిమిషాలే ఎక్కువ పనిచేశాయి.

ఎంత గట్టిగా అన్నదానికి మాకో కొలత కుదిరింది. పదికి అయిదు, ఆరు. నొప్పి హాయిగా అనిపించే మేర. ఊపిరి బిగబట్టానంటే, కాలివేళ్ళు ముడుచుకున్నాయంటే ఆ కొలత దాటినట్టే. శరీరం బిగుసుకుని ఎదురు తిరుగుతుంటే ఇక సడలేదేముంది? మొదటి వారం ఒకరోజు ఇద్దరం ఉత్సాహపడి ముప్పావుగంట మర్దన సాగించాం. మర్నాడు గచ్చకాయ రంగు మచ్చలు, రెండు రోజుల మంట. ఒకరోజు, రెండు రోజులు తేలికపాటి నలత మామూలే, అంతకు మించితే బలం ఎక్కువైనట్టు. మొత్తం మర్దన 25 నిమిషాలు దాటనివ్వకుండా, అదే చోటుని వరుసగా రెండు రోజులు ముట్టకుండా చేశాం. మొదటి వారం మూడుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వారానికి రెండేసి, చివరి రెండు వారాలు ఒక్కోసారి. చేసేవాళ్ళ బొటనవేలు కూడా ఒక లెక్కే. ఒంటరి బొటనవేలితో గంటలు నొక్కితే దాని కీలు పాడవుతుంది, రెండో చేత్తో దాన్ని ఆనించుకోవాలి, లేదంటే వేలి కణుపులు వాడాలి.

ఏ రకం మర్దన మంచిదని తగవులాడుకోవాల్సిన పని లేదు. అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో 401 మంది దీర్ఘకాలిక నడుంనొప్పి వాళ్ళ మీద చేసి 2011లో అచ్చైన పరీక్షలో, ఒళ్ళంతా హాయిగా రుద్దే మర్దనకీ, కండరాన్ని వెతికి నొక్కే మర్దనకీ తేడా పెద్దగా కనబడలేదు. వారానికొకటి చొప్పున పది వారాలు చేసిన రెండు రకాలూ మామూలు వైద్యం కన్నా మేలనిపించాయి. ఏడాది తిరిగేసరికి ఆ మేలు చాలావరకు కరిగిపోయింది. అక్కడి వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో కొత్తగా వచ్చిన నడుంనొప్పికి మందుల కన్నా ముందు వేడి, మర్దన చూడమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుంనొప్పికి ఇచ్చిన సూచనల్లోనూ మర్దన ఉంది, నడుం పట్టీలూ, నడుంని బరువులతో సాగదీసే ట్రాక్షనూ వద్దన్నవాటిలో ఉన్నాయి. అయినా మర్దన ఎముకనీ, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కునీ ఎక్కడికీ జరపదు. కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు నొప్పి తగ్గిస్తుంది. ఆ గంటల్ని పడుకుని గడిపేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

అందుకే మర్దన అవగానే పది నిమిషాలు కదలకుండా పడుకుని, పక్కకి తిరిగి, చేతులతో నేలని తోసుకుంటూ లేచేవాణ్ణి. బోర్లా నుంచి ఒక్క ఊపున లేస్తే చేసిందంతా వృథా. లేచాక పది నిమిషాల నడక. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఒక్కొక్కటిగా గుండెలకి లాక్కోవడం, మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తడం, మోకాళ్ళ మీద చేతుల మీద ఉండి పిల్లిలా వీపు పైకీ కిందికీ వంచడం, ఒక్కోటి పదేసిసార్లు. మర్దన లేని రోజున కూడా ఇవి మానలేదు. మూడో వారానికి నడక అరగంటకి పెరిగింది.

మనిషి దొరకని రోజున టెన్నిస్ బంతి చాలు. మేజోడులో వేసి, గోడకీ ఒంటికీ మధ్య పెట్టి, పాదాలు గోడకి అడుగు దూరంలో ఉంచి మోకాళ్ళు కొద్దిగా వంచితే బంతి కదులుతుంది. మేజోడు కొస భుజం మీదుగా చేత్తో పట్టుకుంటే బంతి జారిపోదు. ఒక్కో చోట 60 సెకన్లు, వెన్నెముక మీదా, దాని అడుగున పిరుదుల మధ్య ఉండే త్రికం ఎముక మీదా వద్దు. క్రికెట్ బంతితో ప్రయోగాలు చెయ్యొద్దు, కమిలిపోతుంది. కండరాన్ని టకటకా కొట్టే కరెంటు పరికరాలు, మర్దన తుపాకులు కొన్నవాళ్ళు కనిష్ఠ వేగంలో, ఒక కండరానికి నిమిషం, రెండు నిమిషాలకి మించకుండా, ఎముక తగలకుండా పెట్టుకోవాలి. ఒక పిక్క మాత్రమే వాచి వెచ్చగా ఉంటే ఆ కాలికి ఏ మర్దనా చెయ్యకూడదు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

స్నానానికి గోరువెచ్చని నీళ్ళు, సున్నిపిండి. వీపుకి చెయ్యి అందక మెలితిరగడం మంచిది కాదు, తువ్వాలుకి పిండి పూసి రెండు కొసలూ పట్టుకుని రుద్దుకోవాలి. పాదాలకి అంటిన నూనె ముందే గుడ్డతో తుడిచేసుకోవాలి. స్నానాలగదిలో నేల మీద రబ్బరు చాప వేసి, కుర్చీలో కూర్చునే పోసుకునేవాణ్ణి. నూనె పట్టిన దుప్పటీ తువ్వాళ్ళూ మిగతా బట్టల్లో కలపకుండా, వేడినీళ్ళలో బట్టల సోడా వేసి గంట నానబెట్టి ఎండలో ఆరేస్తే కంపు కొట్టవు.