టీవీ సౌండ్ తగ్గించొద్దని మా గుంటడికి చెప్పాను

నేను సౌదీలోని జుబైల్లో పైప్ ఫిట్టర్ని, పదకొండేళ్ళయింది. ఊరు సోంపేట దగ్గర. మా వైపు నుంచి గల్ఫ్ వచ్చినోళ్ళు ఇంతమంది ఉన్నారు కాబట్టి డ్యూటీ, ఓటీ, క్యాంపు, మెస్ ఇవన్నీ మళ్ళీ చెప్పక్కర్లేదు. ఈరోజు వీడియో గేమ్‌లో వచ్చే మ్యూజిక్ గురించి రాయాలనిపించింది.

మొన్న లీవుకి వెళ్ళినప్పుడు ఇక్కడి బజార్లో దొరికే చిన్న గేమ్ డబ్బా ఒకటి పట్టుకెళ్ళాను, టీవీకి వైరు పెట్టుకునేది, అందులో మారియో అనే ఆట ఉంది. శుక్రవారం మాకు సెలవు కదా, ఆరోజు వీడియో కాల్ చేస్తే మావోడు ఫోన్ని కిటికీకి ఆనించేసి ఆడుకుంటుంటాడు. నాకు వాడి మోచెయ్యీ, గోడ మీద క్యాలెండరూ తప్ప ఏమీ కనబడదు. కానీ పాట వినబడుతుంది. ఆ పాటతోనే వాడు ఆటలో ఎక్కడున్నాడో నాకు తెలిసిపోద్ది. గొట్టంలోంచి కిందకి దిగితే పాట బరువుగా, ఆగి ఆగి అడుగులేసినట్టు వస్తుంది. నీళ్ళలోకి వెళ్తే ఉయ్యాల ఊగినట్టుంటది. నక్షత్రం దొరికితే పరుగే పరుగు. ఒకరోజు సడన్‌గా చిన్న హెచ్చరిక మోగి పాట స్పీడందుకుంది, నేను ఇక్కణ్ణుంచే "ఒరే టైమైపోతంది, వంద కన్నా తగ్గిపోయింది, పరిగెట్రా" అని అరిచాను. వాడు ఆట ఆపేసి ఫోన్ దగ్గరకొచ్చి మొహం పెట్టి "నాన్నా, నీకెలా కనబడింది?" అన్నాడు.

వెనకాల నుంచి మా ఆవిడ "సౌండు తగ్గించరా, మీ నాన్న మాట ఇనబడతలేదు" అంది. వద్దన్నాను. నాకు అదే కావాలి.

ఎందుకంటే ఆ పాట నేను వాడి వయసులో విన్నదే. సోంపేటలో ఒకాయన రెండు టీవీలు పెట్టి గంటకింత అని గేములు ఆడించేవాడు. డబ్బుల్లేని రోజుల్లో బయట అరుగు మీద కూర్చుని వినేవాళ్ళం, లోపల ఎవడు చచ్చాడో ఎవడు బతికాడో పాటని బట్టి చెప్పేసేవాళ్ళం. స్క్రీన్ మీద ఇంగ్లీషు ఒక్క ముక్క చదవడం రాదు, అయినా ఆట మొత్తం అర్థమయ్యేది.

క్యాంపులో ఖాళీగా ఉన్నప్పుడు దాని గురించి చూశాను. మారియో వచ్చింది 1985లో, ఆ సంగీతం చేసింది కోజి కొండో అనే జపాన్ ఆయన. ఆ గేమ్ మొత్తం, బొమ్మలూ పాటలూ అన్నీ కలిపి 40 కేబీ అంట! మనం వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో దానికన్నా పెద్దగా ఉంటది. ఒకేసారి రెండు రాగాలు, కింద ఒక మంద్రం, తాళానికి సుయ్ సుయ్ మనే చిన్న చప్పుడు, అంతే ఆయన చేతిలో ఉన్నది. మారియో ఎగిరినప్పుడు ఆ శబ్దానికి చోటు కావాలి కాబట్టి పాటలోంచి ఒక రాగం కాసేపు పక్కకి తప్పుకుంటుంది. ఇన్నేళ్ళు విన్నా నాకు తెలీలేదు, తెలిసినాక మాత్రం ప్రతిసారీ వినబడతంది. దానికన్నా ముందు 1978లో స్పేస్ ఇన్వేడర్స్ అని వచ్చింది, అందులో నాలుగే నాలుగు స్వరాలు, తిరిగి తిరిగి అవే, పైనుంచి దిగే శత్రువులు తగ్గేకొద్దీ అవి స్పీడవుతాయి, ఆడేవాడి గుండె కూడా దాంతో పాటే.

ఇది మా వైపు వాళ్ళకి కొత్తేం కాదు. తప్పెటగుళ్ళు చూసినోళ్ళకి తెలుసు, గుండెకి కట్టుకున్న తప్పెట మీద రెండు చేతులతో మెల్లగా మొదలెడతారు, గజ్జెలు కూడా నెమ్మదిగానే, అలా అలా పెంచుకుంటూ పోతుంటే చూసేవాడి కాళ్ళు కూడా వాటంతటవే కదులుతాయి. ఇప్పుడు వేగం పెరుగుతుంది చూడండి అని ఎవరూ చెప్పరు, ఒంటికి తెలిసిపోద్ది.

మా ప్లాంట్లో కూడా అంతే. జాయినైన కొత్తలో అలారాలు వినిపించి చెప్తారు, గ్యాస్ లీకైతే ఒక మోత, అంతా సరైపోతే ఇంకో మోత. నేపాలీ, బంగ్లా, ఫిలిప్పీన్, మనం, ఎవడి భాష వాడిది, కానీ మోత వస్తే అందరూ గాలి ఎటుందో చూసుకుని ఒకేలా కదులుతారు. పొద్దంతా చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని, గ్రైండర్ల రొదలో ఉండేవాడికి చెవి విలువ ఎక్కువే తెలుస్తుంది అనుకుంటాను.

మా రూములో కంచిలి కుర్రాళ్ళు ఇద్దరు పబ్జీ లాంటివి ఆడతారు. మ్యాచ్‌లో దిగాక పాట ఉండదు, అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు, ఆ నిశ్శబ్దం కూడా ఎవరో కావాలని పెట్టిందే కదా. మ్యాచ్ మొదలయ్యే ముందు అందరూ చేరి ఎదురుచూసే చోటుంటది, లాబీ అంటారు, అక్కడ మాత్రం మ్యూజిక్ ఉంటుంది. మాకు రాత్రి ఎనిమిదైతే ఊళ్ళో పదిన్నర, ఊళ్ళో ఉన్న ఫ్రెండ్స్ ఒక్కొక్కడే అందులోకి వస్తుంటే వీళ్ళ మొహాలు చూడాలి. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకునేవాళ్ళుంటారని ఒకసారి మ్యూట్‌లో ఆడమన్నాను, ఆడారు గానీ పావుగంటకే ఫోన్లు పక్కన పడేశారు, "ఉప్పులేని కూరలా ఉందన్నా" అని. మర్నాడు జీతంలోంచి నేనే ఇద్దరికీ హెడ్‌సెట్లు కొనిచ్చాను.

మావోడు మాత్రం నెల నుంచి నాలుగో కోట దగ్గర ఆగిపోయాడు. అక్కడ పైదారా కిందదారా అని సరిగ్గా ఎంచుకోకపోతే మళ్ళీ మళ్ళీ అదే చోటుకి వస్తావు, పాట కూడా అదే ఉంటది కాబట్టి ఫోన్లో విని నేను చెప్పగలిగిందేమీ లేదు. మూడు శుక్రవారాలు ఆ కోట పాటే విన్నాను.

నిన్న పొద్దున్న ఐదింటికి డ్యూటీ బస్సులో ఉండగా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది, ఊళ్ళో అప్పటికి ఏడున్నర, స్కూలుకి రెడీ అవ్వాల్సిన టైము. నాన్నా అని కూడా అనలేదు, మాటే లేదు. కోట దాటినాక మోగే ముక్క, అదొక్కటే. బస్సు గేటు దగ్గర ఆగేలోపు మూడుసార్లు విన్నాను, దిగి ఇయర్ ప్లగ్స్ పెట్టుకున్నాను.