డాలు పట్టిన విజయనగర స్త్రీలు: 54 మి.మీ. బొమ్మల పని ఎంతవరకు వచ్చింది

విజయనగరంలో కత్తీ డాలూ పట్టే స్త్రీలు, కుస్తీ పట్టే స్త్రీలు, బాకాలూదే స్త్రీలు ఉండేవారని 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ రాశాడు. చంద్రగిరి కోట పక్కనే ఉంటూ వీళ్ళ బొమ్మలు చేయకపోతే ఎలా? ముగ్గురిలో కత్తి మనిషి రంగుల దాకా వచ్చింది. బాకా మనిషికి చీర కడుతున్నాం. కుస్తీ మనిషి ఇంకా చెక్కుడులోనే ఉంది.

బొమ్మలు తిరుపతి బజారులో ప్యాకెట్టుగా దొరికే మెత్తటి ప్లాస్టిక్ సైనికులే. బాంబు విసిరేవాణ్ణి ఏరుకోండి, ఎత్తిన చెయ్యి కత్తికి సరిపోతుంది. తుపాకీ గురిపెట్టినవాడికి రెండు చేతులూ మార్చాలి, దండగ పని.

ఛాతీకి ముద్ద అంటించినంత మాత్రాన ఆడమనిషి కాదు. ముందు ఉన్న ప్లాస్టిక్ తీసెయ్యాలి. 1/32 కొలతలో, అంటే అసలులో 32వ వంతుగా, 158 సెం.మీ. మనిషి 49 మి.మీ. వస్తుంది. బొమ్మ 54 మి.మీ. ఉంది, అందుకే ఎత్తు తగ్గేలా పిక్కల్లో 2 మి.మీ., నడుములో 3 మి.మీ. కోసేయాలి. భుజాలు 14 నుంచి 12 మి.మీ.కి తగ్గాలి. మెడ, ముంజేతులు సన్నబడాలి, బూట్లు చెక్కి పాదాలు తేవాలి. కొత్త బ్లేడే వాడండి. ఉప్పుకాగితం పెడితే ఈ ప్లాస్టిక్ నూగు లేస్తుంది.

ఫెవిక్విక్ దీన్ని పట్టదు, ఊడొస్తుంది. ప్రతి అతుకులో 0.8 మి.మీ. రంధ్రం వేసి గుండుసూది ముక్క దించాలి. చెయ్యి కొద్దిగా వంచాలంటే మరిగే నీళ్ళలో అరనిమిషం ఉంచి, వంచి, చన్నీళ్ళలో పట్టుకోవాలి. ఎక్కువ వంచితే కొన్నాళ్ళకు మళ్ళీ చాచుకుంటుంది. అక్కడ కోసి సూది వేయడమే మేలు.

చీరకు ఎం-సీల్ పుట్టీ రెండు పాళ్ళూ సమంగా, రంగు ఒక్కటయ్యేదాకా కలపాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. మే ఎండల్లో మడతలు తీర్చేలోపే బిగిసిపోతుంది, కాబట్టి ఒక్కసారికి శనగగింజంతే. పౌడరు చల్లిన రెండు పాలిథిన్ కాగితాల మధ్య అర మిల్లీమీటరు మందాన ఒత్తి, జిగట తగ్గాక కప్పాలి. వెంటనే కప్పితే చిరుగుతుంది. కాసెకట్టు ముందు, అది గట్టిపడ్డాక పమిట. నడుము దగ్గర పగులుతోందంటే లోపలి ప్లాస్టిక్ వంగుతోందని అర్థం. పుట్టీ వంగదు. నడుములో రెండో సూది వేస్తే ఆగుతుంది.

కత్తి 1 మి.మీ. రాగితీగ, సుత్తితో చదును చేసి 28 మి.మీ.కి కోసింది. డాలు 15 మి.మీ. చొక్కా గుండీ, రంధ్రాలు పూడ్చి మధ్యలో బొడిపె పెట్టాం.

రంగుకు ముందు విమ్‌తో కడిగి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేసి రాత్రంతా ఆరనివ్వాలి. లేకపోతే ఫెవిక్రిల్ రంగు పెచ్చులూడుతుంది. చీర అంచులకు, గళ్ళకు లేపాక్షి పైకప్పు చిత్రాలే ఆధారం. కత్తి మనిషికి ఎర్రచీర పలచగా రెండు పూతలు అయింది, గళ్ళు 00 నంబరు సన్న కుంచెతో గీయాలి.