పందిరి చిక్కుడు: సగం పూత, సగం ఆకు

కార్తీకం సగమైంది. మిద్దె మీద 12 అడుగుల పందిరికి పడమటి సగమంతా గెలలు గెలలుగా పూత. తూర్పు సగాన ఒక్క మొగ్గ లేదు. విత్తనం ఒకటే, నాటు తెల్లచిక్కుడు, శ్రావణంలో ఒకేసారి పెట్టినవి. 18 అంగుళాల బ్యాగులు నాలుగు, నాలుగింటికీ ఒకే మట్టి. పోనీ తూర్పు తీగ నీరసంగా ఉందా అంటే, ఆకు అరచేయంత, కాండం చిటికెనవేలంత! చూస్తుంటే ఒళ్లు మండుతోంది.

మొదటి అనుమానం నత్రజని. పశువుల ఎరువు ఎక్కువైతే తీగ పందిరంతా అల్లుకుంటుంది, పూత మాత్రం రాదు. కానీ ఎరువు నాలుగింటికీ ఒకే పాళ్లు. అయినా తూర్పు బ్యాగులకు నూనె తీసిన గింజల చెక్క నానబెట్టిన నీళ్లు ఆపి, తలా గుప్పెడు కట్టెబూడిద వేసి, తడి తగ్గించినా చలనం లేదు. కొసలు గిల్లితే పక్కకొమ్మలు వచ్చాయి, వాటికీ ఆకులే. ఎండ తక్కువా అంటే, రెండు వైపులా ఒకటే.

ఇక మిగిలింది రాత్రి వెలుతురు. తూర్పు కొసకు 10 అడుగుల్లో వీధి ఎల్ఈడీ దీపం. దాని కింద విత్తనాల ప్యాకెట్ మీది సన్నక్షరాలు కూడా చదవొచ్చు. నాటు చిక్కుడు పగలు పొట్టిదైతేనే పూస్తుంది. మొక్క చూసుకునేది అసలు ఎడతెగని రాత్రి చీకటిని. దీపం వెలుగు పడితే దానికి ఇంకా పొద్దు పొడుగ్గా ఉన్నట్టే. పిట్టగోడ నీడ పడే అడుగు వరసలో అదే తూర్పు తీగకు రెండు గెలలు కనిపించాయి. అనుమానం దీంతో గట్టిపడింది.

దీపం వైపు గోనెపట్టా దించాలి, పొద్దుగూకగానే దించి తెల్లారాక ఎత్తేలా. తీగకు జానెడు ఎడం ఉండాలి. ఆనితే గాలాడక పేనుబంక కమ్మేస్తుంది. 50 శాతం షేడ్‌నెట్ ఇందుకు దండగ, వెలుతురు సగం దిగుతూనే ఉంటుంది.

పడమటి వైపు పేనుబంక పైపు నీళ్ల దెబ్బకే పోయింది. పోకపోతే సాయంత్రం లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు. 10,000 పీపీఎం అని రాసిన గాఢమైన వేపమందు సీసాకు మాత్రం ఈ మోతాదు వద్దు, లేత చిగుళ్లు మాడతాయి.

వచ్చేసారి నైలాన్ వల కట్టేది లేదు. ఎండిన తీగ పీకడానికి ప్రాణం పోతుంది. జనపనార తాడైతే తీగతో సహా కోసి కంపోస్టులో పడేయొచ్చు. రథసప్తమికి రథం కట్టడానికి కాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు పడమటి తీగే ఇస్తుంది. దీపం పక్క బ్యాగుల్లోకి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వారి అర్క జయ్, అర్క విజయ్ చూడాలి. పొద రకాలు, పగటి పొడవుతో పని లేదు, పందిరీ అక్కర్లేదు.