మళ్ళీ ఎడమ పక్కే, మళ్ళీ పిడి దగ్గరే

నేను చేస్తున్న కత్తిని బాగా వేడిచేసి నూనెలో ముంచి గట్టిపరిచాను (హార్డెనింగ్), వంకర పోలేదు. ఆకురాయి వాదర మీద గాజు మీద జారినట్టు జారింది, అంటే గట్టిపడింది. పెళుసుదనం తగ్గడానికి 200 డిగ్రీల దగ్గర రెండు విడతల టెంపరింగ్ కూడా అయిపోయింది. ఇంతవరకూ హాయే. వేడిలో గాలి తగలకుండా ముందే పూసిన బోరిక్ ఆమ్లం పూతని మరిగే నీళ్ళలో వేసి కరిగించాక చూస్తే, వాదర వాలు పిడి దగ్గర మొదలయ్యే గీతకి, అంటే ప్లంజ్ లైన్‌కి కాస్త ముందు, ఎడమ పక్కన మళ్ళీ అదే నల్ల మచ్చ! ఒళ్ళు మండిపోయింది.

ఉక్కు ఈఎన్31 (బేరింగ్‌లకి వాడే రకం), 3 మిల్లీమీటర్ల పట్టీ. కరెంటుతో వేడెక్కే మఫుల్ ఫర్నేస్‌లో 840 డిగ్రీలు, ఆ వేడిలోనే పది నిమిషాలు ఉంచడం (సోక్). మామూలు కార్బన్ స్టీల్ అయితే రంగు సమంగా రాగానే తీసి నూనెలో ముంచేయొచ్చు. ఇందులో దాదాపు ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం దాకా క్రోమియం ఉంటాయి కాబట్టి కార్బైడ్లు (కార్బన్, క్రోమియం కలిసిన గట్టి రేణువులు) ఉక్కులో కరగడానికి ఆ పది నిమిషాలూ ఇవ్వాల్సిందే. గాలికి పండగ కూడా అప్పుడే.

మచ్చ 18 మిల్లీమీటర్ల పొడవు, 6 వెడల్పు. చుట్టుపక్కల కంటే అక్కడ మందం 0.05 తక్కువ. అసలు బాధ స్కేల్ (వేడిలో గాలి తగిలి ఏర్పడే ఆక్సైడ్ పొర) కూడా కాదు, దాని కింద కార్బన్ పోయిన పొర. ఆ మచ్చలో ఆకురాయి పట్టేస్తోంది. ఎమెరీతో ఇంకో 0.08 తీశాకే జారడం మొదలైంది. సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) చేసేవాళ్ళు వాడే ఫెర్రిక్ క్లోరైడ్ రాస్తే మచ్చ చుట్టూ లేత బూడిద రంగు అంచు తేలింది, మిగతాదంతా ముదురుగా వచ్చింది. వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే స్కేల్ పోతుంది కానీ ఈ మెత్తదనం పోదు. వెనిగర్‌తో పని అయిపోయిందనుకునేవాళ్ళు ఒకసారి ఆకురాయి పెట్టి చూడండి.

మొదటి అనుమానం వేలిముద్రల జిడ్డు. అసిటోన్‌తో తుడిచి గ్లవ్స్‌తోనే పట్టుకున్నా, మచ్చ వచ్చింది. రెండోది, కరిగిన పూత కిందికి జారిపోతోందేమో అని. అదే నిజమైతే వీపు మీద నిలబెట్టిన కత్తికి పైనున్న వాదర ముందు పాడవ్వాలి. వాదర శుభ్రంగా ఉంది.

దాంతో అదే పట్టీలోంచి చిన్న ముక్కలు కోశాను. పూత లేని ముక్క 3.02 నుంచి 2.95కి దిగింది. అంటే పక్కకి 0.035 చొప్పున స్కేల్ తినేసింది. పల్చగా పూసి బాగా ఆరబెట్టిన ముక్కలో కొలవదగ్గ తేడా లేదు. మందంగా పూసి తడి ఉండగానే వేడి ఫర్నేస్‌లో పెట్టిన ముక్క మాత్రం పొంగి, బుడగలు పగిలి, అచ్చం ఈ మచ్చలాగే తయారైంది. బోరిక్ ఆమ్లం గాజుగా మారేలోపు తనలోని నీటిని వదులుతుంది, అది మెల్లగా పోవాలి. ఆల్కహాల్‌లో కలిపిన పూత ప్లంజ్ లైన్ మూలలోనే ఎక్కువ నిలుస్తుంది.

సరే, మరి ఎడమే ఎందుకు? ఆ పక్క కాయిల్ గోడకి దగ్గర, త్వరగా వేడెక్కుతుంది. కత్తిని తిప్పి పెట్టి చూశాను. మచ్చ కుడి పక్కకి మారింది, కాస్త చిన్నదైంది కూడా. అనుమానం దాదాపు తీరినట్టే, అయినా చిన్నదెందుకైందో అంతుపట్టలేదు. బహుశా ఆ రోజు పూత పల్చగా పడి ఉంటుంది.

ఇప్పుడు కత్తిని ముందు 200 డిగ్రీలకు వేడిచేసి, పొడి పౌడర్‌నే చల్లి, అది అంటుకున్నాక పెడుతున్నాను. మచ్చ పోయింది, సూదిమొన గుంటలు మిగిలాయి. పౌడర్ మందుల షాపులో దొరికేదే. క్యారమ్స్ పౌడర్ వద్దు, అన్నిటిలోనూ ఉత్త బోరిక్కే ఉండదు. విదేశీ యాంటీస్కేల్ పూతలు మంచివే కావచ్చు, దిగుమతి ఖర్చుతో ఇంకో రెండు పట్టీలు వస్తాయి. స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో చుట్టడం గాలిలో గట్టిపడే ఉక్కులకి భేష్. ఈఎన్31 నూనెలోకి వెళ్ళాలి, పొట్లం కోసేంత తీరిక అది ఇవ్వదు.

హార్డెనింగ్ తర్వాత గ్రైండ్ చేసేస్తే పోలా అంటారు. వాదర దగ్గర చేస్తాను. గట్టిదనం కొలతలో 60 దాటిన రాక్‌వెల్‌తో ప్లంజ్ లైన్ మూలలో చేత్తో ఎమెరీ రుద్దడమంటే ఎవరికైనా విసుగే.

తర్వాతి కత్తికి పౌడర్‌లో కాస్త వెలిగారం కలిపి చూడాలి. కంసాలులు అతుకులకి వాడేదే. కాకపోతే అది ఫర్నేస్ ఇటుకని తింటుంది, కింద పాత పలక ఒకటి పరవాలి. అదీ కుదరకపోతే గాలిని బయటికి తోసే ఆర్గాన్ వాయువు. ఇటుక మెత్తనిది, వెనక చిన్న బెజ్జం కొట్టడం కష్టం కాదు, నిమిషానికి రెండు మూడు లీటర్లు వదిలితే చాలనుకుంటున్నా. వెల్డింగ్ షాపులో సిలిండర్ అద్దెకిస్తారట. రెగ్యులేటర్ పాతది దొరుకుతుందేమో ఈ ఆదివారం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చూడాలి, అక్కడ షాపులు తెరిచి ఉంటే.