ఆదివారం, ఎబెన్‌తో

పొద్దున్నుంచీ ముసురు. బయటికి కదిలే పని లేదు కాబట్టి బల్ల మీద చెక్ స్వరకర్త పెత్ర్ ఎబెన్ స్వరపత్రాలు పరుచుకున్నాయి. రోజుకి తగ్గదే ముందు: 'నెదెల్నీ హుద్బా'. చెక్ భాషలో 'ఆదివారపు సంగీతం' అని. గొట్టాల్లోకి గాలి పంపి వాయించే చర్చి ఆర్గాన్ కోసం 1957-59లో రాశాడు, నాలుగు భాగాలు. ఆర్గానిస్టులు విడిగా వాయించడానికి ఇష్టపడేది మూడోది, 'మోతో ఒస్తినాతో', అంటే మొండిగా తిరిగే కదలిక. చెడగొట్టేదీ దాన్నే.

అందులో ఒక లయ పట్టుకుంటే వదలదు. నాలుగైదు సెకన్లు మోత నిలిచే రాతి చర్చిలో స్వరాలు కలిపేసి వాయిస్తే లయ పోయి గోల మిగులుతుంది. మీట మీంచి వేలు ముందే ఎత్తి సందు వదలాలి. మోత పెరిగేకొద్దీ సందూ పెరగాలి. పెడల్‌లో, అంటే కాళ్లతో వాయించే మీటల్లో, పెద్ద గొట్టాలు గాలి పట్టి పలకడానికి ఆలస్యం చేస్తాయి, అందుకని స్టాప్‌లు (గొట్టాల వరసల్ని పలికించే మీటలు) తగ్గించాలి. వినాల్సింది బెంచీ మీంచి కాదు, కింద జనం కూర్చునే చోటునుంచి.

ఇవన్నీ ఎబెన్‌కి చిన్నప్పుడే ఒంటబట్టాయి. 1929లో జాంబెర్క్‌లో పుట్టి, చెస్కీ క్రుమ్లోవ్‌లో పెరిగాడు. యుద్ధకాలంలో అక్కడి చర్చిలో ఆర్గాన్ వాయించిన కుర్రాడు. పెంపకం కాథలిక్కే, కానీ తండ్రి యూదుడు. నాజీలు బడి మాన్పించి, చివరికి బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. యుద్ధమయ్యాక ప్రాగ్‌లో చదువు, 1955 నుంచి చార్లెస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు. కమ్యూనిస్టు పార్టీలో చేరలేదు, చర్చి మానలేదు. పదోన్నతి చాలాకాలం దూరంగానే ఉండిపోయింది.

మధ్యాహ్నం 'ఓక్నా' (1976), అంటే 'కిటికీలు'. జెరూసలేంలో చిత్రకారుడు షగాల్ చేసిన పన్నెండు రంగుటద్దాల కిటికీల్లో నాలుగిటికి ట్రంపెట్, ఆర్గాన్ కలిపి రాసింది. దీనికి శత్రువు చలి. 20 డిగ్రీల్లో 440 హెర్ట్జ్ ఉన్న ఆర్గాన్ శ్రుతి 10 డిగ్రీలకి దాదాపు 432కి జారుతుంది. లోపల కంపించే లోహపు నాలుక ఉన్న గొట్టాలు మాత్రం అంతగా కదలవు, దాంతో ఆర్గాన్ తనలో తనే అపశ్రుతి. ట్రంపెట్‌ని ఊపిరి వేడెక్కిస్తుంది, అది పైకే పోతుంది. శ్రుతి సరిచేసే ట్రంపెట్ గొట్టం, ట్యూనింగ్ స్లయిడ్, లాగడం కచేరీకి అరగంట ముందు కాదు, వాయించబోయే చోటే, అప్పుడే. ఇద్దరి మధ్య పది మీటర్ల దూరముంటే శబ్దం 30 మిల్లీసెకన్లు వెనకబడుతుంది.

రాత్రికి 'యోబు' మిగిలింది. 1987, ఎనిమిది భాగాలు, ఒక్కో దానికి ముందు బైబిల్ వచనం చదవాలి. మన తెలుగు బైబిల్ యోబు గ్రంథంతోనూ చక్కగా నడుస్తుంది. చదివేవాళ్లు ఒకటే గుర్తుంచుకోవాలి: ముందు భాగం ఆఖరి మోత గోడల్లో ఆరేదాకా నోరు విప్పకూడదు.